‘ఉగ్రత జన్యువు’ అనే మాటతో నా పేచీ

జీవశాస్త్రం బోధించే మిత్రుడొకడు ఈమధ్య ఒక జవాబుపత్రం ఫోటో తీసి పంపాడు. ప్రశ్న ఇది: ‘ఎంటమీబా హిస్టోలిటికా ఉగ్రతకు కారణమైన జన్యు అంశాలను వివరింపుము.’ మనిషి పేగులో చేరి రక్త విరేచనాలు కలిగించగల అమీబా ఇది; ఉగ్రత అంటే అది చేసే జబ్బు తీవ్రత. జవాబుల సూచిక ప్రకారం మూడు పేర్లు రావాలి. అమీబాను పేగు గోడకు అతికించే లెక్టిన్, కణాలకు చిల్లులు పొడిచే అమీబాపోర్, కణజాలాన్ని కరిగించే సిస్టీన్ ప్రోటియేజులు. ఆ విద్యార్థిని మూడూ రాసింది. చివర ఎవరూ అడగని వాక్యం ఒకటి చేర్చింది: ‘కానీ ఈ జన్యువులు ఏ జబ్బూ లేని మనుషుల పేగుల్లో ఉన్న అమీబాల్లోనూ ఉంటాయి కనుక వీటినే కారణాలనడం సరికాదేమో.’ మిత్రుడి సందేహం చిన్నదే. ఆ వాక్యానికి మార్కు కలపాలా, తీసేయాలా, చూడనట్టు ఊరుకోవాలా?

‘కలుపు’ అని వెంటనే జవాబిచ్చాను. రెండు రోజులు గడిచాక, అంత తేలిగ్గా అనవలసింది కాదనిపించింది. ఆ అమ్మాయి మాట నాకు ఎంతో ఇష్టమైన మాట కాబట్టే దాన్ని నేను పరీక్షించకుండా ఒప్పుకున్నానన్న సంగతి మెల్లగా తెలిసివచ్చింది. అప్పటి నుంచి నాతో నేను పడుతున్న వాదులాటే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను: జన్యువులు అమీబాకు కొన్ని పనులు చేయగల శక్తిని ఇస్తాయి, ఉగ్రత అనేది ఆ శక్తి ఒకానొక పేగులో, ఒకానొక సమయంలో, ఒకానొక బ్యాక్టీరియా గుంపు నడుమ పనిచేసినప్పుడు జరిగే సంఘటన. జన్యువును సంఘటనకు అంటగట్టి ‘ఉగ్రత జన్యువు’ అని పేరు పెట్టడం దగ్గరే నా పేచీ. అయితే ఈ అభిప్రాయానికి ఒక చెడ్డ పూర్వచరిత్ర ఉంది. దాన్ని దాచి వాదించడం న్యాయం కాదు.

మొదటి అనుమానం

1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఫ్యోదర్ లోష్ అనే వైద్యుడు రక్త విరేచనాలతో బాధపడుతున్న ఒక రైతు మలంలో ఈ అమీబాలను చూసి వర్ణించారు. వాటిని కుక్కలకు ఎక్కించి చూస్తే ఒకదాని పేగులో పుండ్లు కూడా వచ్చాయి. అంత చూసిన మనిషి ‘ఇదే కారణం’ అని ప్రకటించి ఉంటే ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆయన మాత్రం జబ్బును మొదలుపెట్టింది మరేదో అయి ఉండవచ్చని, అమీబా ఆ వాపును ఆరనీయకుండా కొనసాగిస్తోందని అనుకున్నారు. వివరాల్లో ఆయన పొరబడ్డారు. అమీబా తానుగా జబ్బు చేయగలదు. అయినా పక్కన ఇంకేదో ఉండి తీరాలన్న ఆ అనుమానం మాత్రం వందేళ్లు దాటినా చావలేదు.

1913లో మనీలాలో వాకర్, సెలార్డ్స్ చేసిన ప్రయోగం ఆ అనుమానానికి అంకెలు ఇచ్చింది. జైలు ఖైదీలకు అమీబా సిస్టులు, అంటే గట్టి పొరలో ముడుచుకుని ఒకరి నుంచి మరొకరికి పాకే రూపాలు, తినిపించిన ప్రయోగమది. ఈనాటి నీతి నియమాల ముందు నిలవదు. ఇరవై మందికి తినిపిస్తే పద్దెనిమిది మంది పేగుల్లో అమీబా స్థిరపడింది. రక్త విరేచనాలు పట్టుకున్నది నలుగురికే. మిగిలిన పద్నాలుగు మంది అమీబాను మోస్తూ మామూలుగా తిరిగారు. అమీబా జబ్బు మీద ఏ చర్చ ఎత్తినా నా మనసు ఈ నాలుగు, పద్నాలుగు అంకెల దగ్గరికే వెళుతుంది. తేడా ఎక్కడుంది? అమీబాలోనా, మనిషిలోనా?

నాకు నచ్చిన జవాబే తప్పయిన రోజులు

1925లో ఫ్రెంచి శాస్త్రవేత్త ఎమిల్ బ్రంప్ట్ ఒక సూటి జవాబు చెప్పారు. సూక్ష్మదర్శినిలో ఒకేలా కనిపించే రెండు వేర్వేరు జాతులు ఉన్నాయని, అందులో ఒకటి జబ్బు చేస్తుందని, రెండోది చేయదని. నిరపాయమైన దానికి ఆయన ఎంటమీబా డిస్పార్ అని పేరు పెట్టారు. ఆ మాట ఎవరూ పట్టించుకోలేదు. కంటికి తేడా కనిపించని రెండింటిని రెండనడం ఎలా? పైగా అందరి దగ్గరా అంతకంటే సొగసైన వివరణ ఉంది: అమీబా ఒకటే, తిండి, పేగు స్థితి, తోడున్న బ్యాక్టీరియా, మనిషి ఒంటి బలం, వీటిని బట్టి అది సాధువుగానో క్రూరంగానో ప్రవర్తిస్తుంది.

ఈ రెండో వివరణను మళ్లీ ఒకసారి చదవండి. దాదాపు నేను పైన చెప్పిన అభిప్రాయమే ఇది. వైద్యలోకం దశాబ్దాల పాటు దీన్నే నమ్మి పొరబడింది. 1978లో సార్జాంట్, విలియమ్స్ అమీబాల ఎంజైములను విద్యుత్ క్షేత్రంలో పరుగెత్తించి చూసినప్పుడు, రోగుల నుంచి వచ్చిన అమీబాల నమూనా ఒకలాగా, ఆరోగ్యవంతులలో ఎక్కువ మంది నుంచి వచ్చిన వాటి నమూనా మరొకలాగా తేలింది. 1980లలో నిరపాయమైన రకం కల్చర్‌లో (ప్రయోగశాల పెంపకంలో) ప్రమాదకర రకంగా మారిందన్న నివేదికలు వచ్చి, రెండూ ఒకటేనన్న వాదానికి కొత్త ఊపిరి పోశాయి. కానీ 1989లో టానిక్, ఆయన సహచరులు రెండింటి డీఎన్‌ఏలోనే స్పష్టమైన తేడాలు చూపించారు. మారిందనుకున్నది నిజానికి కల్చర్‌లో ఒక రకం మరో రకంతో కలిసిపోవడం వల్ల అయి ఉంటుందన్నదే ఇప్పుడు ఎక్కువ మంది అభిప్రాయం. 1993లో డైమండ్, క్లార్క్ రెండు జాతులను లాంఛనంగా వేరుచేసి వర్ణించారు. 1997లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల సమావేశం దాన్ని ఆమోదించింది. అప్పటిదాకా హిస్టోలిటికా లెక్కలోకి వచ్చిన సోకుళ్లలో సుమారు 90 శాతం డిస్పార్‌వేనని అంచనా వేశారు.

ఈ చరిత్రలో నాకూ ఒక చిన్న పాత్ర ఉంది. ఉద్యోగంలో చేరే ముందు చేయించుకున్న పరీక్షల్లో నా మలపరీక్ష కాగితం మీద ‘ఎంటమీబా హిస్టోలిటికా సిస్టులు కనిపించాయి’ అని రాసి ఇచ్చారు. కడుపులో ఏ బాధా లేదు. అయినా మెట్రోనిడజోల్ మాత్రలు రాసిచ్చారు. నోరంతా ఇనుము నాకినట్టు ఉండగా ఆ వారమంతా మింగాను. సూక్ష్మదర్శినిలో నాలుగు కేంద్రకాల సిస్టును చూసి అది హిస్టోలిటికానో డిస్పారో చెప్పడం ఎవరి వల్లా కాదని నాకు తెలిసింది చాలా ఏళ్ల తరువాత. పేగు కుహరంలోని సిస్టులను తీసేయడానికి ఆ మాత్ర సరైనది కూడా కాదన్నది అంతకంటే తరువాత తెలిసింది. ఆ కాగితం రాసిన వారిని తప్పుపట్టడం లేదు. అందరూ ఒకే జాతి అనుకున్న కాలపు అలవాటు, రెండు జాతులని తేలిన తరువాత కూడా పరీక్ష బల్లల మీద కొనసాగింది.

కాబట్టి విద్యార్థిని వాక్యంలో మొదటి చిక్కు ఇది. ‘జబ్బు చేయని మనుషుల్లోని అమీబా’ అంటే ఏ అమీబా? అది డిస్పార్ అయితే ఆమె వాదం నిలవదు. డిస్పార్‌కు, హిస్టోలిటికాకు మధ్య తేడా కచ్చితంగా జన్యువులదే. హిస్టోలిటికా కణం పైభాగాన ఉండే సిస్టీన్ ప్రోటియేజ్-5ను తయారుచేసే జన్యువు డిస్పార్‌లో అదే స్థానంలో శిథిలమై, పనికిరాని అక్షరాల కుప్పగా పడి ఉంది. ఒక జన్యువు ఉండటం, లేకపోవడం అనే తేడా ఇంత స్పష్టంగా ఉన్నచోట ‘అంతా పరిస్థితుల మహిమ’ అనడం మొండితనం.

డిస్పార్‌ను పక్కన పెట్టినా

అసలు ప్రశ్న ఆ తరువాత మొదలవుతుంది. డిస్పార్‌ను పూర్తిగా పక్కన పెట్టి, నిజమైన హిస్టోలిటికాను మోస్తున్న వారిని మాత్రమే చూసినా అందరూ జబ్బుపడరు. దక్షిణాఫ్రికాలో గాతిరామ్, జాక్సన్ 1987లో ప్రచురించిన పరిశీలనలో, ప్రమాదకర రకాన్ని మోస్తూ లక్షణాలు లేని ఇరవై మందిని ఏడాది పాటు గమనించారు. ఇద్దరికి పేగు జబ్బు వచ్చింది. పద్దెనిమిది మందిలో అమీబా దానంతట అదే పోయింది. ఇరవై మంది అంటే చిన్న సంఖ్యే, దాని మీద మేడలు కట్టకూడదు. అయినా మనీలా అంకెల నీడ ఇక్కడా పడుతోంది: జాతి ఏదో తేలిన తరువాత కూడా తేడా మిగిలే ఉంది.

ఇప్పుడు ఆ మూడు పేర్ల దగ్గరికి వస్తాను. లెక్టిన్ సంగతి నాకు అన్నిటికంటే ఆసక్తిగా ఉంటుంది. ఇది గాలక్టోజ్ వంటి చక్కెరలను పట్టుకునే ప్రోటీన్. పేగు కణాల మీద ఆ చక్కెరలు ఉంటాయి; అమీబా వాటిని పట్టుకుని కణానికి అంటుకుంటుంది, ఆపైనే చంపుతుంది. గాలక్టోజ్‌ను విడిగా కలిపి లెక్టిన్ చేతులు కట్టేస్తే ప్రయోగశాలలో ఆ చంపడం చాలావరకు ఆగిపోతుంది. ఆయుధమని పిలవడానికి ఇంతకంటే ఏం కావాలి? కానీ పెద్దపేగు లోపలి జిగురు పొరలోని మ్యూసిన్ నిండా ఉన్నవి కూడా అవే చక్కెరలు. ఆ పొర చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం లెక్టిన్ మ్యూసిన్‌ను పట్టుకుని అక్కడే ఉండిపోతుంది, కణాల దాకా పోదు. అదే ప్రోటీన్, అదే జన్యువు, ఒక అక్షరం కూడా మారలేదు; ఒక పేగులో అది అమీబాను నిరపాయంగా కట్టి ఉంచే తాడు, మరో పేగులో దాడికి మొదటి మెట్టు. దీన్ని ఉగ్రత జన్యువు అనాలా, కాపురం జన్యువు అనాలా?

అమీబాపోర్ కథ వేరు. కేవలం 77 అమైనో ఆమ్లాల చిన్న ప్రోటీన్ ఇది. శత్రుకణం పొరలో చేరి రంధ్రం చేస్తుంది. అయితే అమీబా రోజూ తినేది మన కణాలను కాదు, పేగులోని బ్యాక్టీరియాను. మింగిన బ్యాక్టీరియాను లోపలి సంచుల్లో చంపడానికే ఈ ప్రోటీన్ అన్నది బలమైన అభిప్రాయం. డిస్పార్‌లో కూడా దీని దగ్గరి బంధువు ఉంది, కాస్త బలహీనంగా. 2003లో ఇజ్రాయెల్‌లోని వైజ్మన్ సంస్థలో బ్రాఖా, మిరెల్మన్ బృందం అమీబాపోర్ జన్యువు నోరు శాశ్వతంగా నొక్కేసిన జీ3 అనే అమీబాను తయారుచేసింది. జన్యువు పోలేదు, చదవబడటం మాత్రం తరతరాలుగా ఆగిపోయింది. ఈ అమీబా జంతువుల కాలేయంలో చీము గడ్డలు కట్టించడంలో బాగా వెనకబడింది. అప్పటికి ‘అమీబాపోరే దోషి’ అనిపించింది. ఆ తరువాత ఎలుకల్లో అమర్చిన మానవ పేగు ముక్క మీద అదే జీ3ని వదిలితే, అక్కడ అది మామూలు అమీబాలాగే వాపును, గాయాన్ని కలిగించింది. కాలేయంలో అవసరమైన ఆయుధం పేగులో లేకపోయినా నడిచిపోయింది. ఏ అవయవం అన్నది చెప్పకుండా ‘ఈ జన్యువు ఉగ్రతకు కారణం’ అన్న వాక్యం పూర్తి కాదని ఈ ఒక్క ప్రయోగం చాలు చూపడానికి.

సిస్టీన్ ప్రోటియేజులు అంతకంటే గజిబిజి. ఈ కుటుంబంలో దాదాపు యాభై జన్యువులున్నాయి. కల్చర్‌లో పెంచినప్పుడు వాటిలో మూడింటి నుంచే ఎక్కువ భాగం ఉత్పత్తి జరుగుతుంది. ఏది తిండి అరిగించుకోవడానికి, ఏది మన కణజాలాన్ని కరిగించడానికి అని విడదీయబోతే చేతికి ఏమీ మిగలదు. అరిగించుకోవడం, కరిగించడం ఒకే పని. పళ్లెంలో ఏముందన్నదే తేడా.

ఒకే తల్లి పిల్లలు

ఇక్కడ నా ప్రత్యర్థి వాదాన్ని దాని బలంతోనే చెప్పాలి. 1988లో స్టాన్లీ ఫాల్కో సూక్ష్మజీవుల విషయంలో ఒక కొలబద్ద పెట్టారు: ఒక జన్యువును చెడగొడితే ఉగ్రత తగ్గాలి, తిరిగి బాగుచేస్తే ఉగ్రత తిరిగి రావాలి, అప్పుడు ఆ జన్యువును ఉగ్రతకు ముడిపెట్టవచ్చు. ఇది గట్టి కొలబద్ద. ఈ అమీబాలో కొన్ని జన్యువులు దీనికి చాలా దగ్గరగా వస్తాయి. మెక్సికోలో 1967లో ఒక రోగి పేగు పుండు నుంచి తీసిన హెచ్ఎం-1 అనే అమీబా వంశం ప్రపంచంలోని ప్రయోగశాలలన్నిటికీ మూలపురుషుడు వంటిది. దాని నుంచి వచ్చిన రెండు శాఖలను హాంబర్గ్‌లోని పరిశోధకులు పోల్చారు. ఒకటి జెర్బిల్ ఎలుకల కాలేయంలో గడ్డలు కట్టిస్తుంది, రెండోది కట్టించలేదు. సాధువైన శాఖలో కొన్ని ప్రోటియేజ్ జన్యువులను బలవంతంగా ఎక్కువగా పనిచేయిస్తే అది మళ్లీ గడ్డలు కట్టించింది. ఫాల్కో నియమం నెరవేరినట్టే.

కానీ ఈ ఫలితాన్ని రెండో వైపు నుంచి కూడా చూడాలి. ఆ రెండు శాఖలూ ఒకే మనిషి పుండు నుంచి వచ్చినవి. సాధువైన శాఖలోనూ ఆ ప్రోటియేజ్ జన్యువులు ముందు నుంచీ ఉన్నాయి. వాటిని బయటి నుంచి తెచ్చి పెట్టలేదు, ఎక్కువగా పనిచేయించారంతే. తేడా ఎక్కువగా కనిపించింది ఏ జన్యువు ఎంత మోతాదులో పనిచేస్తోందన్న దగ్గర. ఈ రంగంలో పనిచేసే వారందరికీ తెలిసిన పాత అనుభవం కూడా ఇటే చూపుతుంది. ఎంతో క్రూరమైన అమీబాను కూడా బ్యాక్టీరియా లేని కల్చర్‌లో నెలల తరబడి పెంచితే మెత్తబడుతుంది; హామ్‌స్టర్ కాలేయం గుండా ఒకటి రెండు సార్లు పంపితే మళ్లీ పదునెక్కుతుంది. బ్యాక్టీరియాతో కలిపి పెంచినా ఉగ్రత పెరుగుతుందని 1970లోనే విట్నర్, రోజెన్‌బామ్ చూపారు. అంతకు ముందు 1950లలో ఫిలిప్స్ చేసిన ప్రయోగాల్లో, ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన గినీ పందుల పేగుల్లో అమీబాను వదిలితే జబ్బు రాలేదు. ఒక్క రకం బ్యాక్టీరియాను తోడు చేర్చగానే పుండ్లు వచ్చాయి. లోష్ ఆ ఫలితం చూసి ఉంటే నవ్వుకునేవారు.

బంగ్లాదేశ్ లెక్కలు

నన్ను ఇంకా ఇబ్బంది పెట్టే సాక్ష్యం ఒకటి ఉంది. 2007లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన అధ్యయనంలో లక్షణాలు లేనివారి, విరేచనాలు పట్టినవారి, కాలేయపు గడ్డ వచ్చినవారి అమీబాలను, టీఆర్ఎన్ఏ (ప్రోటీన్ల తయారీలో తోడ్పడే చిన్న అణువు) జన్యువుల మధ్య పునరావృతమయ్యే డీఎన్ఏ ముక్కల ఆధారంగా వర్గీకరించారు. మూడు గుంపుల్లో జన్యు రకాల పంపకం ఒకేలా లేదు. అంటే హిస్టోలిటికా జాతి లోపల కూడా అమీబా రకానికి, జబ్బు ఫలితానికి ఏదో సంబంధం ఉంది. ఆ ముక్కలు తామే ఏ ప్రోటీన్‌నూ తయారుచేయవు. అసలు కారణం పక్కన ఎక్కడో ఉంటే ఇవి దాని చిరునామా మాత్రమే. మరుసటి ఏడాది అదే బృందం ఒక వింత చూపింది: ఒకే రోగి మలంలోని అమీబా రకం, అతని కాలేయంలోని అమీబా రకం వేరు. పేగులో ఉన్న గుంపులో కాలేయం దాకా వెళ్లగలిగిన కొన్నే వెళ్లాయా, దారిలో మార్పు వచ్చిందా?

నాలో ఉన్న బ్రంప్ట్ భయం ఇక్కడే తలెత్తుతుంది. ఒకప్పుడు ఒకటే అనుకున్నది రెండయింది. రేపు హిస్టోలిటికా అనుకుంటున్నది మళ్లీ రెండుగా చీలితే, ‘పరిస్థితులు, పరిస్థితులు’ అంటున్న నేను 1925 తరువాత బ్రంప్ట్‌ను కాదన్న వారి సరసన కూర్చోవాలి. ఆ అవకాశాన్ని కొట్టిపారేయలేను. నన్ను కాస్త నిలబెట్టేది హాంబర్గ్ శాఖలు, జీ3 వంటివి: ఏ చీలికా లేని ఒకే వంశంలో రెండు నడవడికలూ ఉన్నాయి.

మనిషి వైపు సాక్ష్యం కూడా తేలిక కాదు. లెప్టిన్ అనే హార్మోన్‌ను అందుకునే గ్రాహకంలో 223వ స్థానంలో గ్లూటమిన్ బదులు ఆర్జినిన్ ఉన్న పిల్లలకు ఈ అమీబా సోకే అవకాశం దాదాపు నాలుగింతలు ఉందని 2011లో బంగ్లాదేశ్ పిల్లల మీదే తేల్చారు. ఒకే అక్షరం తేడా, అదీ మన డీఎన్ఏలో. ‘ఉగ్రతకు కారణమైన జన్యు అంశాలు’ అన్న ప్రశ్నకు దీన్ని జవాబుగా రాస్తే ఏ సూచిక మార్కు ఇస్తుంది? పేగు సోకుడు ఆడవారిలో, మగవారిలో ఇంచుమించు సమానమే అయినా కాలేయపు గడ్డ మాత్రం వయోజన పురుషుల్లో ఎన్నో రెట్లు ఎక్కువ. అమీబాకు తాను ఎవరి ఒంట్లో ఉన్నానో తెలియదు.

అమీబాకు లాభం ఏమిటి?

జన్యువును ఉగ్రత పేరుతో పిలవడానికి నేను వెనకాడే చివరి కారణం ఇదే. ఒక మనిషి నుంచి మరొకరికి పాకడానికి అమీబాకు సిస్టు కావాలి. సిస్టులు పేగు కుహరంలో తయారవుతాయి, కణజాలంలో తయారుకావు. పేగు గోడలోకి, అక్కడి నుంచి కాలేయంలోకి చొచ్చుకుపోయిన అమీబాకు బయటికి దారి లేదు; అక్కడే దాని వంశం ఆగిపోతుంది. తీవ్రమైన విరేచనాల్లో పడేవి కూడా ఎక్కువగా కదిలే రూపంలోని అమీబాలే, బయట ఎంతోసేపు బతకవు. వ్యాధిని లోకంలో తిప్పేది ఏ బాధా లేకుండా సిస్టులు విసర్జించే ఆరోగ్యవంతుడే. మన కాలేయాన్ని కరిగించినందుకు అమీబాకు ప్రకృతి ఏ బహుమతీ ఇవ్వదు. బ్యాక్టీరియాను పట్టుకుని, చంపి, అరిగించుకోవడంలో ఆరితేరినందుకు మాత్రం ఇస్తుంది. మన జబ్బు ఆ తిండి సామానుతో దారితప్పి చేసిన పని కావచ్చు. కణజాలంలో దూరిన కాసేపైనా పేగులోని పోటీ నుంచి తప్పించుకునే లాభం ఉండవచ్చని వాదించేవారున్నారు. కాదనడానికి నా దగ్గర ప్రయోగం లేదు, అయినా వంశం కొనసాగని లాభాన్ని లాభమనడం నాకు మింగుడుపడదు.

మిత్రుడికి చివరికి ఇదంతా రాశాను. మూడు పేర్లకూ పూర్తి మార్కులు వేయమన్నాను, ఎందుకంటే ఆ మూడూ లేకుండా ఈ అమీబా ఏం చేస్తుందో ఎవరూ వివరించలేరు. చివరి వాక్యానికి సగం మార్కు వేయమన్నాను. ఆ అమ్మాయి ‘జబ్బు చేయని మనుషుల్లోని హిస్టోలిటికాల్లో’ అని జాతి పేరు రాసి ఉంటే నిండు మార్కు వచ్చేది. ‘అమీబాల్లో’ అని రాసింది; ఆ ఒక్క మాట దగ్గర ఆమె 1925 కంటే ముందుకు రాలేదు. మిత్రుడు సగం మార్కు కలిపి, పక్కన ఎర్ర సిరాతో ‘ఏ అమీబా?’ అని రాసి పత్రం తిరిగి ఇచ్చాడట.